డోరతీ ఒక్కసారే అడిగింది

పార్సిప్పనీ, న్యూజెర్సీ
మార్చి 11, 1984

నళిని పిన్నికి, ఉదయ్ రాస్తున్నాను.

మొన్న ఫోన్‌లో అన్నావు కదా, "వీడి ఊఁ, ఊహూఁ వినడానికి నేను లాంగ్ డిస్టెన్స్ బిల్లు కట్టాలా, ఉత్తరం రాయరా" అని. అందుకని రాస్తున్నా. ఫోన్ చేతికిస్తే నేను వైరు వేలికి చుట్టుకుంటూ నిలబడిపోతాను. కాగితం మీదైతే పర్లేదు. కానీ నా తెలుగు మూడో క్లాసులోనే ఆగిపోయింది, అప్పుడే కదా ఇక్కడికొచ్చేశాం. ఇక్కడి స్కూల్లో కూడా నేనేం పెద్దగా చదివేయట్లేదు. తప్పులుంటే నువ్వు నవ్వుకో, శ్రీధర్ బాబాయికి మాత్రం చూపించకు.

రేణు పాప ఎలా ఉంది? అమ్మ రోజూ దాని కబుర్లే చెప్తుంది. నీళ్ళు పోస్తే ఏడవదట, తుడిస్తే ఏడుస్తుందట. నీ పురుడు పోసి వచ్చి ఇన్నాళ్ళయినా అమ్మ సూట్‌కేసు పూర్తిగా సర్దలేదు. తెరిస్తే ఇంకా సాంబ్రాణి వాసన వస్తోంది.

ఇక్కడ మళ్ళీ స్నో పడింది. నిన్న పార్కింగ్‌లో నాన్న కారు దిగబడింది. నేను వెనకనించి తోస్తుంటే నాన్న లోపల కూర్చుని "గట్టిగా, గట్టిగా" అంటున్నాడు. హ్యాండ్‌బ్రేక్ తియ్యలేదు.

అమ్మ ఇంట్లోనే ఉంటోంది. ఫ్యాక్టరీకి వెళ్ళట్లేదు. పొద్దున లేటుగా లేస్తోంది. కూరలు నాన్నే తెస్తున్నాడు. అమ్మని విసిగించొద్దని నాకు చెప్పాడు. ఎందుకో నీకు చెప్పకూడదని అమ్మ అంది, కాబట్టి చెప్పను. కంగారు పడకు. అన్నీ మంచికే అవుతాయని నాన్న అన్నాడు.

చెయ్యి నొప్పెడుతోంది. ఉంటాను.

ఉదయ్

~

డబ్లిన్, కాలిఫోర్నియా
మార్చి 19, 1984

ఒరేయ్ ఉదయ్,

నీ ఉత్తరం అందింది. నీ అక్షరాలు చీమలు వర్షంలో తడిసినట్టున్నాయి కానీ చదవగలిగాను. ఫోన్‌లో ఏడాదికి మాట్లాడేదంతా ఒక్క ఉత్తరంలో మాట్లాడేశావు. బాబాయికి చూపించలేదు, చదివి వినిపించానంతే. హ్యాండ్‌బ్రేక్ దగ్గర ఆయనకి పొలమారింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నువ్వు చెప్పకపోతే నాకు తెలీదనుకున్నావా? అక్క ఫ్యాక్టరీ మానేసింది. లేటుగా లేస్తోంది. బావగారు స్వయంగా కూరలు తెస్తున్నారు. పదహారేళ్ళ పెళ్ళిలో ఆయన వంకాయ ముట్టుకున్న సందర్భం ఒక్కటే, నువ్వు పుట్టే ముందు. అక్కకి ఎన్నో నెల?

నా దగ్గర దాచడమేమిటి. మొన్న నా మంచం పక్కన అన్ని రాత్రులు కూర్చుంది, ఒక్క మాటైనా అనలేదు. ముప్పై ఎనిమిదేళ్ళకి సిగ్గేమిటి? మా ఆఫీసులో ఒకావిడ నలభై రెండులో కన్నది. పార్సిల్ పంపిస్తున్నాను. ఖర్జూరాలు, బాదంపప్పు, నేను వేసుకున్న వదులు గౌన్లు రెండు. ఈసారి నేను వచ్చి పురుడు పోస్తాను, బావగారి వంట మీద వదలను.

నీకు చెల్లెలు కావాలా, తమ్ముడు కావాలా? ఊఁ అని రాయకు.

మీ పిన్ని

~

పోస్ట్‌కార్డు
మార్చి 24, 1984

పిన్నీ,

అది కాదు. అస్సలు కాదు. పార్సిల్ నాన్న విప్పాడు. గౌన్లు చూసి అమ్మ వైపు చూశాడు. అమ్మ నా వైపు చూసింది. నేను గరాజ్‌లోకి వెళ్ళిపోయాను. పోస్ట్‌మాన్‌కి తెలుగు రాదని తెలుసు, అయినా కార్డు మీద ఇంతకన్నా రాయలేను. ఉత్తరం వస్తోంది. ఖర్జూరాలు బాగున్నాయి.

ఉ.

~

పార్సిప్పనీ
మార్చి 26, 1984

పిన్నికి,

నీకు చెప్పేయమని అమ్మే అంది. "ఊరంతా చాటింపు వేసే లోపల రాసెయ్యి" అంది. నవ్వుతూనే అందిలే. ఆ గౌను వేసుకుని ఇల్లంతా తిరిగి మమ్మల్ని నవ్వించింది కూడా.

విషయం ఏంటంటే అమ్మ ఉద్యోగం ఉందో లేదో ఎవరికీ తెలీట్లేదు.

అమ్మ చెవిటివాళ్ళు పెట్టుకునే మిషన్లు చేసే ఫ్యాక్టరీలో సోల్డరింగ్ చేస్తుంది కదా. నీ దగ్గరికి వచ్చేటప్పుడు లీవ్ ఆఫ్ ఆబ్సెన్స్ పెట్టింది. జీతం ఉండదు, కానీ తిరిగొస్తే ఉద్యోగం ఉంటుంది. ఫిబ్రవరి మొదట్లోనే లీవ్ అయిపోయింది. వాళ్ళ సూపర్‌వైజర్ పేరు డోరతీ. మంచి ఆవిడే. అమ్మ ఫోన్ చేసి "ఐ యామ్ బ్యాక్" అంది. నేను పక్కనే ఉన్నాను. డోరతీ గొంతు పెద్దది కాబట్టి నాకూ వినిపించింది. "ఇప్పుడు ఆర్డర్లు తక్కువగా ఉన్నాయి సుమతీ, సోమవారం వస్తావా, లేకపోతే ఇంకొన్నాళ్ళు రెస్ట్ తీసుకుంటావా" అంది. అమ్మ ఏమందో తెలుసా? "మీకు ఎలా వీలైతే అలాగే, నాకోసం ఎవర్నీ ఇబ్బంది పెట్టకండి" అంది.

ఆవిడ చాలా థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేసింది. అమ్మ సోమవారం లంచ్ డబ్బా కట్టుకుని రెడీగా కూర్చుంది, మళ్ళీ ఫోన్ చేసి రమ్మంటారని. చెయ్యలేదు. రెండు వారాలు చూసి అమ్మే చేస్తే, నీ బెంచీ మీద ఇంకో అమ్మాయి ఉంది, ఖాళీ అయితే పిలుస్తాం అన్నారట. వాళ్ళ కాగితాల్లో అమ్మే లీవ్ పొడిగించమని అడిగినట్టు రాసుకున్నారు.

పని పోయినవాళ్ళకి గవర్నమెంట్ ఇచ్చే అన్‌ఎంప్లాయ్‌మెంట్ బెనిఫిట్‌కి నాన్న అప్లై చెయ్యనన్నాడు, "మనం అడుక్కోవడమేంటి" అని. అక్కడి ఆఫీసులో ఒకాయన, అది దానం కాదు, కంపెనీలు కట్టే ఇన్సూరెన్స్ లాంటిది అని చెప్పాక నాన్న మారిపోయాడు. ఇప్పుడు లాయర్ లాగా తయారయ్యాడు. పెన్ను చెవిలో పెట్టుకుని తిరుగుతున్నాడు.

కానీ అమ్మకి రాదన్నారు. వాళ్ళ రూల్ నాకు అర్థమైనంత వరకు ఇది. తనంతట తను లీవ్ పెట్టుకున్నవాళ్ళకి పని లేదని కాదు, పని ఉండి వెళ్ళట్లేదని లెక్క. వాళ్ళకి బెనిఫిట్ రాదు. లీవ్ అయిపోయి, నేను వస్తానంటే కంపెనీ పని లేదంటేనే వస్తుంది. అమ్మ వస్తానని అనలేదు కదా. మీకు వీలైతే అంది.

అప్పీల్ చేశాం. హియరింగ్, అంటే విచారణ, ఏప్రిల్ పదిహేడున. అక్కడ అమ్మ తన మాట నిరూపించుకోవాలి. ఓడిపోతే బెనిఫిట్ ఒక్కటే కాదు పిన్నీ, అమ్మే మానేసిందని కాగితం మీద ఉండిపోతుంది. అమ్మకి బాధ అదే. "ఏడేళ్ళు ఒక్క వైరు తప్పు అతకలేదు, నేను మానేశానంటారా" అని గిన్నెలు కడుగుతూ అనుకుంటోంది.

నీ పురుడు వల్ల అని నువ్వు అనుకుంటావని నీకు చెప్పొద్దంది. అనుకోకు.

మీ ఉదయ్

~

డబ్లిన్
ఏప్రిల్ 2, 1984

నాయనా ఉదయ్,

అనుకోవద్దంటే అనుకోకుండా ఉంటానా? ఉత్తరం చదివి అరగంట ఏడ్చాను. నన్ను చూసి పాపా ఏడ్చింది, మా ఇద్దర్నీ చూసి బాబాయి డైపర్ల షాపుకి వెళ్ళిపోయాడు.

ఏడుపయ్యాక ఆలోచించాను. మా అక్క ఎలాంటిదో ఆ ఆఫీసువాళ్ళకి తెలీదు. తెలిస్తే కాదనరు. అందుకని నేనే వాళ్ళకి ఉత్తరం రాశాను. బావగారు ఫోన్‌లో హియరింగ్ నంబరు చెప్పారు. బాబాయి టైప్ చేశాడు, స్పెల్లింగులు చూసే పని నాది. రిజిస్టర్ పోస్టులో వెళ్ళిపోయింది.

ఎంత బాగా రాశాననుకున్నావు. మా అక్క మాటంటే మాటే, నాకు కాన్పు అనగానే అన్నీ వదిలేసి విమానం ఎక్కింది, నీకు ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళూ ఉంటాను, ఉద్యోగం గురించి ఆలోచించకు అని నాతో అంది, ఇప్పుడైనా సరే నేను పిలిస్తే మర్నాడే వచ్చేస్తుంది, అలాంటి మనిషికి అన్యాయం జరక్కూడదు అని రాశాను. ఆ చివరి లైను టైప్ చేస్తుంటే బాబాయి కళ్ళు కూడా చెమర్చాయి. ఆయన జలుబంటాడు, నమ్మకు.

ఇంక అక్కని నిశ్చింతగా ఉండమను. కావాలంటే ఇంకో రెండు ఉత్తరాలు ఇక్కడి తెలుగువాళ్ళ చేత కూడా రాయిస్తాను.

ధైర్యంగా ఉండండి. మీ నాన్నని ఆ పెన్ను చెవిలోంచి తియ్యమను.

పిన్ని

~

పార్సిప్పనీ
ఏప్రిల్ 9, 1984

పిన్నికి,

ఇంకెవరి చేతా రాయించకు. ప్లీజ్.

నీ ఉత్తరం చాలా బాగుందని నాన్న అన్నాడు. బాగుంది కాబట్టే కొంప మునిగింది. హియరింగ్‌లో వాళ్ళు చూసేది మనిషి మంచిదా కాదా అని కాదు. రేపు పొద్దున పని ఇస్తే వెళ్ళడానికి సిద్ధంగా ఉందా లేదా అని. నువ్వేమో పిలిస్తే మర్నాడే కాలిఫోర్నియా వచ్చేస్తుందని రాశావు. అది వెనక్కి తీసుకోవచ్చా అని నాన్న వాళ్ళకి ఫోన్ చేశాడు. కుదరదన్నారు, ఫైల్లో పెట్టేశారట. అమ్మ మాత్రం నీ మీద కోపం తెచ్చుకోలేదు. "దాని ప్రేమ అది, పోనీలే" అంది. ఉత్తరం కాపీ పంపమని కూడా అంది, దాచుకుంటుందట.

ఇంట్లో రోజూ రిహార్సల్ జరుగుతోంది. నాన్నది హియరింగ్ చేసే ఎగ్జామినర్ వేషం. డైనింగ్ టేబుల్‌కి అటువైపు కూర్చుని, దగ్గి, "మిసెస్ సుమతీ, మీకు పని కావాలా" అంటాడు. అమ్మ, "ఇస్తే చేస్తానండీ" అంటుంది. "కావాలా అని అడుగుతున్నాను." "మీ ఇష్టం." నాన్న టేబుల్ మీద తల పెట్టుకుంటాడు.

నీకు తెలుసు కదా, మనింట్లో ఎవరైనా కాఫీ ఇస్తామంటే మొదటిసారి వద్దనాలి. రెండోసారీ వద్దనాలి. మూడోసారి అడిగితే, సరే సగం కప్పు చాలు అనాలి. చిన్నప్పుడు ఎవరింటికో వెళ్ళి నేను మొదటిసారే బిస్కెట్ తీసుకుంటే అమ్మ చిటికెన వేలితో గిల్లింది. డోరతీకి ఇవేం తెలుస్తాయి?

అమ్మకి ఇంగ్లీషు అర్థమవుతుంది, ఫ్యాక్టరీలో బాగానే మాట్లాడుతుంది. కానీ ఆఫీసర్ ముందు కంగారొస్తుందని ఇంటర్‌ప్రెటర్ని అడిగాం. వాళ్ళ దగ్గర తెలుగు మనిషి లేడు. ఇంట్లోవాళ్ళని తెచ్చుకోమన్నారు. నాన్న నేనొస్తానంటే అమ్మ ఒప్పుకోలేదు. "మీరు నా మాట చెప్పరు, మీ మాట చెప్తారు" అంది. నాన్న ఒక పూటంతా అలిగాడు.

కాబట్టి నేనే వెళ్ళాలి. ఫోన్‌లో ఊఁ అనడానికే చచ్చిపోతాను, నేను. రాత్రి అద్దం ముందు ప్రాక్టీస్ చేస్తుంటే అద్దంలో వాడు కూడా కిందికే చూస్తున్నాడు.

ఉదయ్

~

డబ్లిన్
ఏప్రిల్ 13, 1984

ఉదయ్ బాబూ,

నా చేతులు విరగ. బాబాయిని కూడా తిట్టాను, నువ్వైనా చెప్పొద్దా అని. "నువ్వు చెప్తుంటే నేను కొట్టాను, నా తప్పేముంది" అన్నాడు. ఆ మాటా నిజమే.

అక్క సంగతి నీకు ఒకటి చెప్పాలి. నేను ఆరో క్లాసులో ఉన్నప్పుడు మా మేనమామ గారి అమ్మాయి పెళ్ళికి బందరు వెళ్ళాం. భోజనాల దగ్గర పూర్ణాలు వడ్డిస్తున్నారు. అక్కకి పూర్ణాలంటే ప్రాణం. వడ్డించేవాడు వచ్చి "వెయ్యనా అమ్మాయ్" అన్నాడు. వద్దంది. మళ్ళీ వచ్చి "ఒక్కటి" అన్నాడు. వద్దంది. మూడోసారి వస్తాడని ఆకులో చోటు చేసి కూర్చుంది. వాడు గిన్నె ఖాళీ చేసుకుని వెళ్ళిపోయాడు. నేనేమో మొదటిసారే నాలుగు వేయించుకున్నాను. బండిలో వస్తూ నా చేతి వాసన చూస్తూ కూర్చుంది పిచ్చిది. నాకు పూర్ణం తిన్నప్పుడల్లా అదే గుర్తొస్తుంది.

నువ్వు మంగళవారం అక్కడ తల ఎత్తి కూర్చో. నీ గొంతు బాగుంటుంది, వినపడదు కానీ. నాకు ఆ రోజు లంచ్ దిగదు.

పిన్ని

~

పార్సిప్పనీ
ఏప్రిల్ 18, 1984

పిన్నికి,

నిన్న రాత్రి నాన్న ఫోన్‌లో నీకు చెప్పింది సగమే నిజం. ఆయన బయట బెంచీ మీద కూర్చున్నాడు, లోపలికి రానివ్వలేదు. నేను మొత్తం రాస్తాను.

చిన్న గది. టేప్ రికార్డర్, నాలుగు కుర్చీలు. ఎగ్జామినర్ పెద్దాయన, కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుని దానికోసమే టేబులంతా వెతికాడు. అది చూసి నాకు భయం కొంచెం తగ్గింది. కంపెనీ తరఫున డోరతీయే వచ్చింది. వస్తూనే అమ్మని వాటేసుకుని పాప ఫొటో చూపించమంది. అమ్మ పర్సులోంచి తీసింది. ఎగ్జామినర్ కూడా చూశాడు. మీ రేణు ఫొటో గవర్నమెంట్ ఆఫీసులో చేతులు మారింది.

తర్వాత అందరిచేతా ప్రమాణం చేయించాడు. నా చేత కూడా. అన్నది అన్నట్టు చెప్పాలి, కలపకూడదు, తీసెయ్యకూడదు అని. చెయ్యి ఎత్తాను.

డోరతీ అబద్ధం ఏమీ చెప్పలేదు. "మీకెలా వీలైతే అలా అంది. అంత దూరం ప్రయాణం చేసి వచ్చింది, అలిసిపోయి రెస్ట్ కావాలని చెప్పలేక చెప్తోందేమో అనుకున్నాను. మంచి చేస్తున్నాననే లీవ్ పొడిగించాను" అంది.

ఎగ్జామినర్ నీ ఉత్తరం తీసి మొత్తం చదివాడు. నాకు చెవులు వేడెక్కాయి. చదివి అమ్మని అడిగాడు, "చెల్లెలికి ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు ఉంటానని మీరు అన్నారా?"

"అన్నానండీ. అనకపోతే ఎలా? అది అనే మాట" అంది అమ్మ. నేను ఇంగ్లీషులో చెప్పాను, అలా అనాలి కాబట్టి అందట అని. ఆయన నవ్వాడు.

"మరి డోరతీతో అన్నదో?"

"అదీ అంతేనండీ."

ఆయన పెన్ను కింద పెట్టాడు. "అమ్మా, మీరు ఇద్దరికీ మర్యాద మాటే చెప్పారు. అందులో ఏది నిజమో నాకెలా తెలుస్తుంది?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే అడిగాడు. నాకూ అదే డౌటు వచ్చింది పిన్నీ. "ఆ సోమవారం మీకు పనికి వెళ్ళాలని ఉందా?"

అమ్మ చీర కొంగు సర్దుకుని, "వాళ్ళకి వీలైతే" అంది.

నేను అదే చెప్పాలి. ప్రమాణం చేశాను కదా. చెప్పాను. ఆయన రాసుకున్నాడు. "వాళ్ళ వీలు కాదు, మీ సంగతి అడుగుతున్నాను" అన్నాడు. అది రెండోసారి. అమ్మ మళ్ళీ నోరు తెరుస్తుంటే ఆ "మీ ఇష్టం" వచ్చేస్తోందని నాకు తెలిసిపోయింది.

"అమ్మా, ఈయన మూడోసారి అడగడు" అన్నాను.

ఎగ్జామినర్ నా వైపు తిరిగి, ఏమన్నావో అది కూడా ఇంగ్లీషులో చెప్పు, టేపులో ఉండాలి అన్నాడు. ఇంక తప్పలేదు. మా ఇంట్లో ఏదైనా ఇస్తామంటే రెండుసార్లు వద్దనాలి, మూడోసారికే ఒప్పుకోవాలి, మొదటే ఒప్పుకుంటే ఆశపోతు అంటారు, అమ్మ డోరతీ గారు మళ్ళీ అడుగుతారని సోమవారం డబ్బా కట్టుకుని కూర్చుంది, నేను చూశాను, అదంతా చెప్పాను. నేను అంతసేపు ఇంగ్లీషులో ఎప్పుడూ మాట్లాడలేదు, తెలుగులో కూడా.

డోరతీ చెంప మీద చెయ్యి పెట్టుకుని, "అయ్యో, నేను ఒక్కసారే అడిగాను కదా" అంది.

ఎగ్జామినర్, "అబ్బాయి చెప్పింది విన్నాను. కానీ నాకు కావాల్సింది ఆవిడ మాట" అన్నాడు.

అప్పుడు అమ్మ నా వైపు చూడలేదు. ఆయన్నే చూసి ఇంగ్లీషులో చెప్పేసింది. "ఐ వాంట్ మై వర్క్. దట్ మండే ఐ వాంటెడ్. టుడే ఆల్సో ఐ వాంట్." తర్వాత నీ ఉత్తరం వైపు వేలు చూపించి, "మై సిస్టర్ హ్యాజ్ హజ్బెండ్. హీ కెన్ వాష్ ది డైపర్స్" అంది.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నవ్వుతున్నాడని నాకు కనిపించింది. నిర్ణయం పోస్టులో వస్తుందన్నాడు.

ఇంటి గేటు దగ్గర కారు దిగుతూ అమ్మ, "శ్రీధర్‌ని అలా అనకుండా ఉండాల్సింది" అంది.

ఉదయ్

~

డబ్లిన్
ఏప్రిల్ 24, 1984

ఒరేయ్ ప్లీడరూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చివర్లో డైపర్ల సంగతి బాబాయికి వినిపించాను. మూలకి వెళ్ళి బకెట్ తెచ్చుకున్నాడు. "గవర్నమెంట్ ఆర్డర్ అయ్యాక చెయ్యక తప్పుతుందా" అన్నాడు. పంపించిన ఫొటో చూడు, మోచేతుల దాకా సబ్బే.

ఒకటి అడగాలి, అడగబుద్ధి కావట్లేదు. నా మెటర్నిటీ లీవ్ కూడా జూన్‌తో అయిపోతుంది. పాపని చూసే మనిషి ఇంకా దొరకలేదు. ఎలాగూ కబురు వచ్చేదాకా అక్క ఖాళీయే కదా, రెండు నెలలు వస్తుందేమో కనుక్కో. అక్కని అడిగితే ఎలాగూ సరే అంటుంది, అందుకే నిన్ను అడుగుతున్నాను.

పిన్ని

~

పార్సిప్పనీ
మే 2, 1984

పిన్నికి,

నిర్ణయం వచ్చింది. మనమే గెలిచాం. లీవ్ అయిపోయి అమ్మ ఫోన్ చేసిన రోజు నుంచి అమ్మ పనికి సిద్ధంగానే ఉందని, పొడిగింపు అమ్మ అడిగింది కాదని రాశారు. ఆ రోజు నుంచి బెనిఫిట్ వస్తుంది. నాన్న దాన్ని ఫ్రిజ్ మీద అతికించాడు. అమ్మ అది చదివి, పాలు తీసి, మళ్ళీ చదివి, పాలు పెట్టడం మర్చిపోయింది.

నువ్వు అడిగిన సంగతి. నాకు ఏం రాయాలో తెలీలేదు. పిలిచిన రోజు పనికి వెళ్ళేలా లేకపోతే బెనిఫిట్ ఆగిపోతుంది, అది చెప్తే సరిపోతుంది కదా అనుకుని ఆ మాటే రాయబోయాను. అమ్మ నా భుజం మీదుగా చదివి, "రూలు మీద పెట్టకు, నా మాట రాయి" అంది. చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. ప్రమాణం చేయించలేదు కానీ కలపట్లేదు, తీసెయ్యట్లేదు.

"నళినీ, రాలేను. రావాలని ఉంది. పాపని ఎత్తుకోవాలని ఉంది. కానీ నాకు నా బెంచీ కావాలి. నువ్వు ఏడుస్తావని తెలుసు, అయినా రాలేను. ఆగస్టులో ఫ్యాక్టరీకి ఏటా సెలవిచ్చే వారం వస్తాను. ఇది అనే మాట కాదు, టికెట్ కొంటాను."

ఇది చెప్తున్నంతసేపూ అమ్మ నిలబడే ఉంది.

ఉదయ్

~

డబ్లిన్
మే 9, 1984

ఉదయ్,

అక్కకి చదివి వినిపించు.

అక్కా, ఏడ్చాను. పావుగంటే. పుట్టి బుద్ధెరిగాక నువ్వు నాకు కాదన్న మాట ఇదొక్కటే. మొదట ఉక్రోషం వచ్చింది, మా ఆయన దగ్గర నిన్ను నాలుగు మాటలు కూడా అన్నాను. తర్వాత అనిపించింది, ఆగస్టులో వస్తానన్నావు చూడు, నువ్వు ఇంతకు ముందు వస్తానన్న మాటల్లో ఏది మనసులోది, ఏది మర్యాదది నాకెప్పుడూ తెలిసేది కాదు. ఇది తెలిసింది. అందుకే కాలెండర్లో ఇప్పుడే గుర్తు పెట్టుకున్నాను.

పక్కింటి గుజరాతీ ఆవిడ మీనాక్షి బెన్ పాపని చూస్తానంది. ఒక్కసారి అడిగాను, ఒక్కసారికే సరేనంది. మన జాతి కాదు.

నీ చెల్లి

~

పార్సిప్పనీ
మే 19, 1984

పిన్నికి,

శనివారం పొద్దున రాస్తున్నాను. అమ్మ మొన్న సోమవారం నుంచి పనిలోకి వెళ్తోంది. డోరతీ పోయిన వారం ఫోన్ చేసింది, వేరే బెంచీ ఖాళీ అయిందని. కిటికీ పక్కనట. బెనిఫిట్ ఆగిపోయింది. నాన్న ఆ కాగితం మాత్రం ఫ్రిజ్ మీంచి తియ్యనివ్వట్లేదు, చుట్టాలకి చూపించాలట.

మొదటి రోజు వచ్చి అమ్మ వేళ్ళు చూపించింది. ఇన్నాళ్ళూ పని లేక చివర్లు మెత్తబడి రెండు చోట్ల కాలాయి. అంత సంతోషంగా కాలిన వేళ్ళు చూపించేవాళ్ళని నేను చూడలేదు.

నిన్న సాయంత్రం డోరతీ మళ్ళీ ఫోన్ చేసింది. నేనే ఎత్తి హలో అన్నాను, తర్వాత హౌ ఆర్ యూ కూడా అన్నాను. ఇప్పుడు ఆర్డర్లు ఎక్కువయ్యాయి, ఈ శనివారం ఓవర్‌టైమ్‌కి వస్తావా అని అమ్మని అడిగింది. నాన్న సోఫాలోంచి లేచి తల ఊపేస్తున్నాడు, వస్తానని చెప్పు, వస్తానని చెప్పు అని. ఇంత జరిగాక ఇంకెవరైనా అదే చెప్తారు.

అమ్మ, "నో డోరతీ. సాటర్‌డే ఐ వాంట్ టు స్లీప్" అంది.

డోరతీ ఓకే అంది. సోమవారం కలుద్దాం అంది. అంతే పిన్నీ. ఎవరికీ ఏమీ కాలేదు.

ఇప్పుడు తొమ్మిది దాటింది. అమ్మ ఇంకా పడుకునే ఉంది. నాన్న బూట్లు చేత్తో పట్టుకుని హాల్లో పిల్లిలా నడుస్తున్నాడు. ఇప్పుడే నా దగ్గరికి వచ్చి, పెన్ను చప్పుడు వినిపిస్తోంది, మెల్లిగా రాయి అన్నాడు.

ఉదయ్